మాట్లాడే డబ్బా వచ్చింది.. తలుపు తట్టే మనిషి ఏరీ?

నెల మొదలవుతుందంటే ఉప్మాకలోనూ, రాష్ట్రంలోని మిగతా ఊళ్లలోలాగే, సచివాలయ సిబ్బంది పింఛను డబ్బుతో ఇల్లిల్లూ తిరుగుతారు. వృద్ధుల పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.4,000 అయింది. మిషన్ మీద వేలు పెట్టాలి, లేదంటే ముఖం చూపించాలి. డబ్బు చేతికొస్తుంది. మొత్తం పని రెండు మూడు నిమిషాలు. కానీ ఇంట్లో ఒక్కరే ఉండే పెద్దవాళ్లకు ఆ రెండు నిమిషాల విలువ రూ.4,000తో తేలేది కాదు. ఆ రోజు ఒక మనిషి గడప దాకా వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు. ‘ఒంట్లో ఎలా ఉంది’ అని అడుగుతాడు.

మరి మిగతా 29 రోజుల మాటేమిటి? ఆ రోజుల్ని మేం చూసుకుంటామంటూ ఇప్పుడు బజారులోకి చాలా వస్తువులు వచ్చాయి. పిలిస్తే పలికే స్పీకర్లు, ఎక్కడో దుబాయ్‌లో ఉండి ఇక్కడి హాలును చూసే కెమెరాలు, తలుపు తెరిస్తే ఫోన్‌కు కబురు పంపే సెన్సార్లు, మందుల వేళకు గుర్తుచేసే గడియారాలు. వీటన్నిటినీ కలిపి ‘స్మార్ట్ హోమ్’ అంటున్నారు. గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకులు, కూతుళ్లు ఈద్‌కు ఇంటికొచ్చేటప్పుడు అమ్మీ కోసం, అబ్బా కోసం వీటిని కొని తెస్తున్నారు. ప్రేమతోనే తెస్తున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఈ వస్తువులు ఏ పని చేస్తాయి, ఏ పని చేయవు అన్న లెక్క మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ వేసుకోవడం లేదు.

ఊరు చిన్నది, దూరాలు పెద్దవి

ఉప్మాక అనగానే ఎవరికైనా కొండ మీది వెంకన్న గుడి గుర్తొస్తుంది. ఫాల్గుణ మాసంలో కల్యాణం జరిగే రోజుల్లో ఊరు జనంతో నిండిపోతుంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక ఈ ఊరున్న నక్కపల్లి మండలం ఆ జిల్లాలోకి వచ్చింది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు వస్తే పిల్లలు ఊరి దగ్గరే ఉంటారన్న ఆశ జనంలో ఉంది. ప్రస్తుతానికైతే ఈ చుట్టుపక్కల చాలామంది యువకులకు బతుకుతెరువంటే అచ్యుతాపురం, విశాఖ, హైదరాబాద్, అదీ దాటితే గల్ఫ్.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ముస్లిం జనాభా చాలా తక్కువ. హైదరాబాద్ పాతబస్తీలోనో కర్నూలులోనో అయితే గల్లీ నిండా మనవాళ్లే ఉంటారు, పక్క వీధిలోనే మసీదు ఉంటుంది. ఇటు వైపు అలా కాదు. బంధువుల ఇల్లు పక్క ఊళ్లో ఉంటుంది, మసీదు పక్క పట్నంలో ఉంటుంది. మగవాళ్లు జుమాకైనా వెళ్లి నలుగురిని కలిసి వస్తారు. భర్త పోయి, పిల్లలు దూరమైన దాదీకో నానీకో ఆ అవకాశం కూడా ఉండదు. పండక్కో, పెళ్లికో తప్ప గడప దాటని పెద్దామె ఒంటరితనం బయటి కంటికి కనిపించదు. ఇల్లు శుభ్రంగా ఉంటుంది, నెలనెలా డబ్బు వస్తుంది, ఫోన్ కూడా ఉంటుంది. ఇంక లోటేముందిలే అనుకుంటారు.

లోటు ఉందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ సంస్థ వేసిన కమిషన్ 2025 జూన్ 30న ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. 2014-2019 మధ్య ఏటా 8,71,000 మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందని అంచనా వేసింది. అంటే గంటకు వంద మంది. గుండెజబ్బు, పక్షవాతం, చక్కెర జబ్బు, మతిమరుపు ముప్పు దీనివల్ల పెరుగుతుందని కూడా చెప్పింది. ఒంటరితనం ముసలితనపు చాదస్తం కాదు, ఆరోగ్య సమస్య అని ఆ నివేదిక తేల్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒంటరిగా ఉండడం వేరు, ఒంటరితనం వేరు. మన దేశంలో 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వే ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లలో నిజంగా ఒక్కరే ఉండేవాళ్లు దాదాపు 6 శాతం. మిగతావాళ్లంతా ఎవరో ఒకరితో ఉంటున్నారు. కానీ కొడుకు, కోడలు, మనవలు ఉన్న ఇంట్లో కూడా ఎవరి ఫోన్‌లో వాళ్లుంటే మూల మంచం మీద కూర్చున్న అబ్బాకు పలకరింపు ఉండదు. ఆ ఇంటికి ఎన్ని సెన్సార్లు పెడితే మాత్రం ఏం లాభం?

మూడు వేర్వేరు పనులు

స్మార్ట్ వస్తువులు అమ్మేవాళ్లు మూడు పనుల్ని ఒకే మూటగా కట్టి చూపిస్తారు. ఒకటి భద్రత, అంటే కింద పడితే, తలుపు తీయకపోతే తెలియడం. రెండోది సంబంధం, అంటే దూరంగా ఉన్న పిల్లలతో తేలిగ్గా మాట్లాడగలగడం. మూడోది తోడు. ఈ మూటను విప్పి చూసుకుంటే మోసపోయే అవకాశం తగ్గుతుంది.

భద్రత విషయంలో ఇవి నిజంగానే పనికొస్తాయి. జపాన్‌లో జోజిరుషి అనే కంపెనీ 2001లోనే ఒక వేడినీళ్ల పాత్రను తెచ్చింది. అక్కడి పెద్దవాళ్లు రోజూ టీ కోసం ఆ పాత్ర వాడతారు. ఎప్పుడెప్పుడు నీళ్లు వంపుకున్నారో ఆ సమాచారం దూరంగా ఉన్న కొడుకుకో కూతురికో మెయిల్‌లో వెళుతుంది. పొద్దున్నే పాత్ర వాడితే అమ్మ లేచినట్టు. మధ్యాహ్నం దాకా ముట్టుకోకపోతే ఫోన్ చేయాల్సినట్టు. అందులో కెమెరా లేదు, ముసలావిడ కొత్తగా నేర్చుకోవాల్సిందీ లేదు. రోజూ చేసే పనే ‘బాగున్నాను’ అన్న కబురు అవుతుంది.

మన ఇళ్లలో చాయ్ గ్యాస్ పొయ్యి మీద పెడతారు కాబట్టి ఆ పాత్ర మనకు కుదరదు. పద్ధతి మాత్రం కుదురుతుంది. వంటగదిలో కదలికను పసిగట్టే చిన్న సెన్సార్, ఫ్రిజ్ తలుపుకో వీధి తలుపుకో అంటించే బిళ్ల, టీవీ ప్లగ్గుకు పెట్టే స్మార్ట్ ప్లగ్ ఇలాంటి పనే చేస్తాయి. ఫజర్‌కు లేచే అలవాటున్న మనిషి ఇంట్లో ఎనిమిదింటి దాకా ఏ కదలికా లేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

రెండో పని, సంబంధం. మీట నొక్కడం రాని నానీకి నోటితో చెబితే కాల్ కలిపే స్పీకర్ పెద్ద సాయమే. కొన్ని స్పీకర్లలో అవతలివాళ్లు ఎత్తకపోయినా నేరుగా మాట, బొమ్మ కలిసిపోయే ఏర్పాటు ఉంది. అయితే గల్ఫ్ కుటుంబాలకు ఒక చిక్కు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళతాయి గానీ కాల్స్ వెళ్లవు. అక్కడివాళ్లు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడాల్సిందే. కాబట్టి ఏ వస్తువు కొన్నా, పిల్లలుండే దేశం నుంచి దాని కాల్ కలుస్తుందో లేదో ముందే చూసుకోవాలి. లేదంటే తెచ్చిన వస్తువు అల్మారాలో పడి ఉంటుంది.

ఇక మూడో పని, తోడు. అసలు వాదన ఇక్కడే.

న్యూయార్క్ లెక్క, మన భాష

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు వృద్ధుల సంక్షేమ శాఖ 2022లో ‘ఎలిక్యూ’ అనే మాట్లాడే యంత్రాన్ని 800 మందికి పైగా వృద్ధుల ఇళ్లలో పెట్టించడానికి పూనుకుంది. టేబుల్ మీద దీపంలా ఉండే ఈ యంత్రం పిలిచేదాకా ఆగదు. తనే ‘శుభోదయం, రాత్రి నిద్ర పట్టిందా’ అని మొదలుపెడుతుంది. దీన్ని వాడినవాళ్లలో ఒంటరితనం 95 శాతం తగ్గిందని ఆ శాఖ 2023లో ప్రకటించింది. దక్షిణ కొరియాలో స్థానిక ప్రభుత్వాలు ‘హ్యోడోల్’ అనే మాట్లాడే బొమ్మల్ని వేల సంఖ్యలో ఒంటరి వృద్ధులకు ఇచ్చాయి.

ఈ లెక్కల్ని కొట్టిపారేయనక్కర్లేదు, అలాగని కళ్లకద్దుకోనూ అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఆ యంత్రం ఊరికే పార్శిల్‌లో రాలేదు. ఎవరికి ఇవ్వాలో చూసే అధికారులు, వృద్ధుల బాగోగులు కనుక్కునే ఉద్యోగులు దాని వెనక ఉన్నారు. కొరియాలోనూ బొమ్మ వెనక సంక్షేమ సిబ్బంది ఉన్నారు. యంత్రం ఒక్కదాని వల్ల ఎంత మేలు, మనుషుల వల్ల ఎంత మేలు అని విడదీయడం అంత తేలిక కాదు.

పైగా మన దగ్గర భాష అడ్డం పడుతుంది. అమెజాన్ అలెక్సా మన దేశానికి 2017లో ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చుకుంది. తెలుగు వంతు రాలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు హిందీ కాస్త దగ్గరే. కానీ కోస్తా పల్లెల్లో మన పెద్దవాళ్ల మాట సగం ఉర్దూ, సగం తెలుగు. ఒకే వాక్యంలో రెండూ దొర్లుతాయి. డబ్బా ‘మళ్లీ చెప్పండి’ అని మూడుసార్లు అడిగితే నాలుగోసారి ఆ పెద్దామె నోరు మూసుకుంటుంది. గూగుల్ 2024 అక్టోబర్‌లో తన జెమిని లైవ్ ఫోన్‌లో తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడుతుందని ప్రకటించింది. దారి తెరుచుకుంటోందన్న మాట నిజమే. అయినా భాష రావడం వేరు, మనిషి తెలియడం వేరు. ‘మీ అన్న పోయిన ఏడు కూడా ఇలాగే వానలు పడ్డాయి కదా’ అని పొరుగింటామె అనగలదు. యంత్రం అనలేదు.

అలాగని ఇంట్లో ఉన్న చిన్న చిన్న సౌకర్యాల్ని తక్కువ చేయనక్కర్లేదు. స్మార్ట్ హోమ్ అన్న పేరు వినకముందే మన ఇళ్లలోకి అజాన్ గడియారం వచ్చింది. మసీదు దూరంగా ఉన్న ఇంట్లో ఐదు పూటలా ఆ గడియారమే రోజును విభజిస్తుంది. చూపు తగ్గిన పెద్దవాళ్లకు ఖుర్ఆన్ పారాయణం వినిపించే స్పీకర్ నిజంగా మనశ్శాంతి ఇస్తుంది. వేళకు లేపడం, వినిపించడం, గుర్తుచేయడం వస్తువు చేయగల పనులు. వినడం మాత్రం మనిషి పని.

ఎవరి ఇల్లు? ఎవరి కన్ను?

కెమెరా విషయంలో ఇంకో సంగతి ఉంది. కొడుకు రియాద్ నుంచి ఏ క్షణమైనా హాలు చూడగలడు. అతనికి అది నిశ్చింత. తల మీద ఓణీ లేకుండా, తన ఇంట్లో తనకిష్టమొచ్చినట్టు కూర్చునే తల్లికి మాత్రం అది ఎప్పుడూ మూయని కన్ను. ఆమె పైకి ఏమీ అనదు. ‘పిల్లాడు ప్రేమతో పెట్టాడు’ అంటుంది. ఆ తర్వాత కూర్చునే చోటు మార్చుకుంటుంది. ఇంటికొచ్చే పొరుగు ఆడవాళ్లు కూడా కెమెరాను చూసి రావడం తగ్గిస్తే, ఒంటరితనం పోగొట్టడానికి పెట్టిన వస్తువే ఉన్న నలుగురినీ దూరం చేసినట్టవుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల పట్ల విసుగు మాటైనా పలకవద్దని, వినయంతో మెలగాలని ఆదేశిస్తాయి. ఆ గౌరవంలో వాళ్ల అనుమతి అడగడం కూడా ఒక భాగమే. ఎక్కడ ఏం పెడుతున్నారో, ఎవరెవరు చూస్తారో చెప్పాలి. వద్దంటే ఊరుకోవాలి. పడకగదిలో, స్నానాల గది దగ్గర కెమెరా అసలే వద్దు. జారిపడతారన్న భయముంటే అక్కడ కదలికను మాత్రమే పసిగట్టే సెన్సార్ చాలు. కెమెరాను గోడ వైపు తిప్పేసే స్వేచ్ఛ ఆ ఇంటి పెద్దకు ఉండాలి.

ఫోన్ తెచ్చే ముప్పు ఇంకోటి. పలకరించేవాళ్లు లేని మనిషి, తెలియని గొంతు చెప్పే మాట కూడా ఎక్కువసేపు వింటాడు. ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో పోలీసులమంటూ వీడియో కాల్ చేసి డబ్బు గుంజే ముఠాల గురించి 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో హెచ్చరించారు. ఇంట్లో స్మార్ట్ వస్తువు పెట్టిన రోజే 1930 అనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ కూడా పెద్ద అక్షరాలతో గోడకు అంటించడం మంచిది.

కరెంటు పోయిన రాత్రి

తీరం వెంబడి ఉండేవాళ్లకు 2014 అక్టోబర్ 12 గుర్తే. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజు. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. దేశంలో ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక అల్లాడిపోయారు. ఆ రోజుల్లో ఇంటింటికీ నీళ్లు, బియ్యం అందించింది, కబురు మోసింది మనుషులే. స్మార్ట్ హోమ్‌కు కరెంటు కావాలి, ఇంటర్నెట్ కావాలి. పెద్దవాళ్లకు సాయం అత్యవసరమయ్యే రోజునే ఈ రెండూ ముందు పోతాయి.

అందుకే సెన్సార్ పెట్టేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఫోన్‌లో హెచ్చరిక మోగింది, సరే. దమ్మామ్‌లో ఉన్న కొడుకు ఆ హెచ్చరిక చూసి ఎవరికి ఫోన్ చేస్తాడు? అయిదు నిమిషాల్లో ఆ తలుపు తట్టగల మనిషి ఎవరు? ఆ పేరు లేకపోతే ఎంత ఖరీదైన వస్తువైనా కొడుక్కి గాభరా పుట్టించడానికి తప్ప తల్లికి ఉపయోగపడదు. ఉప్మాక లాంటి ఊళ్లలో ఆ మనిషి చాలాసార్లు పక్కింటి హిందూ కుటుంబంలోనే ఉంటారు. పొరుగువారి హక్కు గురించి ప్రవక్త ముహమ్మద్ (స) అంతగా నొక్కి చెప్పడంలో ఎంత అర్థముందో ఇలాంటి ఊళ్లలో ఇంకా బాగా తెలుస్తుంది. స్పీకర్ కొనే ముందు ఆ పక్కింటికి మిఠాయి డబ్బా పట్టుకెళ్లి, నంబర్ తీసుకుని, ‘అమ్మీని కాస్త చూస్తూ ఉండండి’ అని చెప్పి రావడం అసలు పని.

డబ్బు ఇప్పించే చట్టం, మాట ఇప్పించలేదు

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు రూ.10,000 దాకా భృతి ఇప్పించవచ్చు. ఆ చట్టం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని చెప్పింది. పలకరింపు అందులో లేదు. చైనా 2013 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టంలో పిల్లలు తల్లిదండ్రుల్ని తరచూ వెళ్లి చూడాలని రాసుకుంది. అదే రోజు వూషీ నగరంలో ఒక కోర్టు, కనీసం రెండు నెలలకోసారి తల్లిని చూసి రావాలని ఒక కూతురిని ఆదేశించింది. కోర్టు పంపితే వచ్చిన కూతురి పక్కన ఆ తల్లి ఎంత మనసు విప్పి మాట్లాడుతుందో ఊహించుకోవచ్చు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. మనకున్నది సిలా రహ్మీ. బంధుత్వాన్ని తెగనివ్వకపోవడం దీన్‌లో భాగమన్న నమ్మకం. అది నెలనెలా పంపే డబ్బుతో తీరిపోదు, కొని పెట్టిన స్పీకర్‌తో అసలే తీరదు.

చేతిలో ఉన్నవి

జపాన్ తపాలా శాఖ 2017 అక్టోబర్ నుంచి దేశమంతటా ఒక సేవ నడుపుతోంది. నెలకోసారి పోస్టాఫీసు మనిషి వృద్ధుల ఇంటికి వెళ్లి అరగంట మాట్లాడతాడు, వాళ్లెలా ఉన్నారో పిల్లలకు రాసి పంపుతాడు. దానికి కుటుంబాలు డబ్బు కడతాయి. రోబోలు చేసే దేశమే మనిషిని పంపే సేవ కూడా పెట్టుకుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇందులో సగం పని ఇప్పటికే జరుగుతోంది. అన్ని రకాల పింఛన్లూ కలిపి 60 లక్షలకు పైగా మందికి నెలనెలా ఇంటి దగ్గరే డబ్బు ఇస్తున్నారు. ఆ రెండు నిమిషాలకు ఇంకో మూడు నిమిషాలు కలిపి, ‘భోజనం చేస్తున్నారా, మందులున్నాయా, ఎవరైనా వస్తున్నారా’ అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకునే ఏర్పాటు చేస్తే, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో ఊరి సచివాలయానికే తెలుస్తుంది. ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయమిది.

ఎల్డర్‌లైన్ 14567 కూడా ఉంది. ఇది తెలుగు నేల మీదే పుట్టింది. 2017లో టాటా ట్రస్ట్స్, తెలంగాణ ప్రభుత్వంతో కలిసి హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఈ సేవ 2021లో దేశమంతటికీ వచ్చింది. పింఛను సమస్యలకే కాదు, మనసు బాగోలేదని చెప్పుకోవడానికి కూడా వృద్ధులు దీనికి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మసీదు కమిటీలు చేయగలిగింది ఇంకా ఎక్కువ. చందా పుస్తకం ఉన్నట్టే, తమ పరిధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లతో ఒక పుస్తకం పెట్టుకోవచ్చు. జుమా తర్వాత ఇద్దరు యువకులు వెళ్లి ఇయాదత్ చేసి రావచ్చు. ఆడవాళ్ల ఇళ్లకు ఆడపిల్లలే వెళ్లేలా చూడవచ్చు. ఫోన్‌లు బాగా తెలిసిన ఆ పిల్లలే స్పీకర్‌లో నంబర్లు ఎక్కించి పెడతారు, సెన్సార్ బ్యాటరీ మారుస్తారు, ఆ వంకతో ఒక చాయ్ తాగి వస్తారు. అలా జరిగినప్పుడు వస్తువు మనిషి స్థానంలో కూర్చోదు, మనిషి రావడానికి ఒక కారణం అవుతుంది.

కుటుంబాలు వేసుకోవాల్సిన లెక్క కూడా ఇదే. వస్తువు వచ్చాక అమ్మీకి ఫోన్ చేయడం పెరిగిందా, తగ్గిందా? ‘కెమెరాలో చూశాం, బాగానే ఉంది’ అని కాల్ మానేస్తే ఆ వస్తువు నష్టం చేసినట్టే. వంటగదిలో కదలిక చూసి ‘ఏం వండుతున్నావు అమ్మీ’ అని వెంటనే ఫోన్ చేస్తే దాని ధర గిట్టినట్టే.

వచ్చే నెల మొదట్లో మళ్లీ సచివాలయం మనిషి వస్తాడు. వేలు పెట్టించుకుని, డబ్బిచ్చి, పక్కింటికి వెళ్తాడు. ఆ పెద్దామె గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూస్తుంది. ఆ తర్వాతి 29 రోజుల్లో ఆ గుమ్మం ఎవరు తొక్కుతారన్నది ఆమె పిల్లలు, పొరుగువాళ్లు, మసీదు పెద్దలు కలిసి తేల్చాల్సిన సంగతి.